మన ఇటుక మనమే నొక్కుకుందాం

(ఇళ్ళ సమస్య మీద ఉప్పాడలో జరిగిన పేట సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దున్న రొయ్యల ఫ్యాక్టరీకి పోయినోళ్ళు, కాకినాడ తాపీ పనికి పోయినోళ్ళు, చేలో ఊడ్పుకి పోయినోళ్ళు, అందరూ అలిసిపోయి వచ్చి కూర్చున్నారు. పెద్ద పెద్ద మాటలు చెప్పి మీ నిద్ర చెడగొట్టం. ఇంటి గురించి మాట్లాడుకుందాం. సగంలో ఆగిపోయిన ఇల్లు, అప్పు చేసి లేపిన ఇల్లు, పట్టా కాగితం మీదే ఉండిపోయిన ఇల్లు, వీటి గురించి.

ముందు మేమెవరమో చెప్పుకోవాలి. మా నాయన తాపీ మేస్త్రి కింద తట్ట మోశాడు. మా అమ్మ ఇటుక బట్టీలో పచ్చి ఇటుక తిరగేసింది. మా ఇంట్లో డిగ్రీ కాగితం మొదట చూసింది మేమే. ఇప్పుడు బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్తున్నాం. మా నాయన మోసిన తట్టలతో ఎన్ని డాబాలు లేచాయో లెక్క లేదు. ఆయన మాత్రం తాటాకు కిందే కన్ను మూశాడు. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో ఊళ్ళో వాళ్ళ గోడలు కట్టని చెయ్యి ఏదైనా ఉందా? ఆ గోడ కట్టడం తెలిసిన మనకే మన గోడ కట్టుకోవడానికి చెయ్యి ఆడటం లేదు. ఎందుకని? ఈ రాత్రి అదే అడుగుదాం.

పెంకుటిల్లు నేరమైన దేశం

బాబాసాహెబ్ అంబేద్కర్ ఒక జాబితా రాసిపెట్టారు. అంటరానివాళ్ళు చేస్తే ఊరు నేరంగా చూసే పనుల జాబితా అది. శుభ్రమైన బట్ట కట్టడం అందులో ఉంది. బంగారం పెట్టుకోవడం ఉంది. ఇంటికి పెంకు వేసుకోవడం కూడా ఉంది. పేటలో తాటాకిళ్ళు ఉన్నది డబ్బు లేక మాత్రమే కాదు, పెంకు వేస్తే కొట్టేవాళ్ళు గనక. అందుకే మనకి ఇల్లంటే ఎండకీ వానకీ అడ్డం మాత్రమే కాదు. తల ఎత్తుకోవడం. అంబేద్కర్ 1930లలో బొంబాయి దాదర్‌లో తన పుస్తకాలకి చోటు ఉండేలా రాజగృహ కట్టుకున్నారు. ఆ ఇంటి పేరులోనే రాజు ఉన్నాడు చూడండి.

ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నామంటే, తక్కువ ఖర్చు ఇల్లు అనగానే మనవాళ్ళకి కోపం వస్తుంది. రావాలి కూడా. మాదిగ మాల పేటలకి ఎప్పుడూ తక్కువదే ఇచ్చారు. కాబట్టి ఖర్చు తగ్గించడం వేరు, ఇంటి విలువ తగ్గించడం వేరు. ఈ రెండూ కలిపేవాళ్ళ మాట వినొద్దు. మేం చెప్పినా వినొద్దు.

డబ్బు ఎక్కడికి పోతోంది?

1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైనప్పుడు అది ఎస్సీ, ఎస్టీలకూ వెట్టి నుంచి విడిపించిన కూలీలకూ ఉద్దేశించిన పథకం. అప్పట్నుంచి పథకాల పేర్లు మారుతూనే ఉన్నాయి. మన మండలంలోనే, కొమరగిరిలో, 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటికీ ఇళ్ళ పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. పట్టా ఆడవాళ్ళ పేరు మీద ఇచ్చారు, అది మంచిదే. పట్నం వాళ్ళకి సెంటు, పల్లె వాళ్ళకి సెంటున్నర. సెంటంటే 48 గజాలు. ఇంటికి 1 లక్షా 80 వేలు అన్నారు. ఆ డబ్బుతో ఇల్లు పూర్తి కాదని పునాది తీసిన ప్రతి అక్కకీ తెలుసు. ప్రభుత్వానికీ తెలిసే 2025లో, ఆగిపోయిన ఇళ్ళకి ఎస్సీ, బీసీలకైతే ఇంకో 50 వేలు, ఎస్టీలకైతే 75 వేలు అదనంగా ఇస్తామని ప్రకటించారు. మనవాళ్ళు అడిగి అడిగి నోరు ఎండబెట్టుకుంటే వచ్చిన డబ్బది. దాన్ని ఒక్క రూపాయి కూడా వదులుకోవద్దు.

కానీ లెక్కల మేష్టార్లం కాబట్టి ఒక లెక్క అడుగుతాం. వచ్చిన డబ్బు మన చేతిలో ఎంతసేపు ఉంటోంది? బిల్లు పడాలంటే ముందు పని అవ్వాలి. పని అవ్వాలంటే ముందు డబ్బు కావాలి. ఆ సందులో వడ్డీ వ్యాపారి కూర్చుని ఉంటాడు. ఇటుక బట్టీ యజమానికి కొంత, సిమెంటు కొట్టుకి కొంత, ఇనప కొట్టుకి కొంత, లారీ కిరాయికి కొంత. మన డబ్బు మన పేట గుండా దాటిపోతోంది గాని పేటలో ఆగటం లేదు. పైగా ఆ బట్టీలో ఇటుక కోసింది మన ఆడవాళ్ళే. మన చెమటతో అయిన ఇటుకని మనమే అప్పు చేసి కొనుక్కుంటున్నాం.

దీంట్లో మనం తగ్గించగలిగింది ఏది, తగ్గించకూడనిది ఏది, విడదీసి చూడాలి.

తాళం లేని నక్షా

1950లలో దక్షిణ అమెరికాలో, కొలంబియా దేశంలో, బొగొటా పట్నంలో పేదల ఇళ్ళ మీద పనిచేసే ఒక కేంద్రం ఉండేది. దాని పేరు సిన్వా. అక్కడ రౌల్ రామిరెజ్ అనే చిలీ దేశపు ఇంజనీరు ఒక చిన్న యంత్రం తయారు చేశాడు. ఇనప పెట్టె, దానికో మూత, పొడుగాటి కాడ. పెట్టెలో తడి మట్టి పోసి, మూత వేసి, కాడ మీద మనిషి బరువు వేసి లాగితే మట్టి నొక్కుకుని ఇటుక అవుతుంది. కరెంటు లేదు, డీజిలు లేదు. ఆ నక్షా దేశదేశాలు తిరిగింది. ఎవరి వెల్డింగు షాపులో వాళ్ళు చేసుకున్నారు.

మన దేశంలో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో ఆస్ట్రా అనే విభాగం పెట్టారు. పెద్ద చదువులు చదివిన వాళ్ళు పల్లె పనులకి పనికొచ్చే సాంకేతికం మీద కూర్చున్నారు. వాళ్ళు మన మట్టికి తగ్గట్టు ఇలాంటి యంత్రాన్నే చేశారు. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో కూడా 1989 నుంచి ఇదే పని మీద ఒక సంస్థ ఉంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థ వాళ్ళ టెక్నాలజీ పార్కుకి పోతే ఇలాంటి ఇటుకలతో కట్టిన ఇళ్ళు కళ్ళతో చూడొచ్చు. మన విశాఖపట్నంలోనే భానుమతీదాస్, కాళిదాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బొగ్గు బూడిద, సున్నం, జిప్సం కలిపి బట్టీ లేకుండా ఇటుక చేసే పద్ధతి కనిపెట్టారు. దాన్ని ఫాల్-జి అంటారు.

ఇక ఈ కాలం మాట. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో మార్సిన్ యకుబోవ్‌స్కీ అనే ఆయన ఉన్నాడు. పోలండులో పుట్టాడు, ఫిజిక్సులో డాక్టరేటు చేశాడు, తర్వాత వ్యవసాయం పెట్టాడు. కొన్న ట్రాక్టరు మాటిమాటికీ చెడిపోయి, బాగు చేయించలేక చేతులు కాల్చుకున్నాడు. అప్పుడు తన ట్రాక్టరు తనే కట్టుకుని, ఆ నక్షా అందరికీ చూపించేశాడు. మనిషి బతకడానికి కావాల్సిన 50 యంత్రాల నక్షాలు అందరికీ ఉచితంగా పెట్టాలని పని మొదలుపెట్టాడు. వాటిలో మట్టి ఇటుక నొక్కే యంత్రం ఒకటి. దీన్నే ఇంగ్లీషులో ఓపెన్ సోర్స్ అంటున్నారు. మనం తాళం లేని నక్షా అందాం. చూడొచ్చు, చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు. ఆయన ఇటుక యంత్రం మాత్రం ఇంజనుతో నడిచేది, ఖరీదు ఎక్కువ. మన పేటకి కాడ లాగే యంత్రమే సరిపోతుంది. ఆయన దగ్గర మనం తీసుకోవాల్సింది ఆ పద్ధతి.

ఆ పద్ధతి మనకెందుకు ముఖ్యం? ఈ దేశంలో విద్యకి వేల ఏళ్ళు తాళం వేశారు. నేర్చుకున్నవాడి బొటనవేలు కోయించారు. ఇప్పుడు బొటనవేలు అడగని విద్య ఒకటి దారి పక్కన పడి ఉంది. మన పిల్లలు ఐటిఐలో ఫిట్టరు, వెల్డరు చదివి గల్ఫు వీసా కోసం తిరుగుతున్నారు. ఆ పిల్లల చేతికి ఈ నక్షా ఇవ్వాలి.

ఇటుక ఎలా అవుతుంది?

అక్కలూ, ఇది మీరు జాగ్రత్తగా వినాలి. మట్టిలో ఇసకా ఉండాలి, బంకా ఉండాలి. ఇసక, గులక ఎక్కువ, బంక తక్కువ. ఎకాయెకి అయిదో వంతు బంక ఉంటే మంచిది. పై మట్టి, వేళ్ళు ఉన్న మట్టి పనికిరాదు. మట్టిని ఎండబెట్టి, జల్లెడ పట్టి, నూటికి అయిదు పాళ్ళు సిమెంటు కలిపి, చెమ్మ తగిలేలా నీళ్ళు చల్లి, వెంటనే నొక్కాలి. సిమెంటు కలిపిన మట్టి అరగంట దాటి ఉంచకూడదు.

చెమ్మ సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? మట్టి ముద్ద చేసి గుండె ఎత్తు నుంచి నేల మీదికి వదలండి. నాలుగైదు ముక్కలైతే సరిగ్గా ఉంది. పొడిపొడి అయితే నీళ్ళు చాలలేదు. చప్పగా అతుక్కుపోతే నీళ్ళు ఎక్కువయ్యాయి. నొక్కిన ఇటుకని కాల్చం. నీడన పేర్చి, పట్టా కప్పి, తర్వాత గోనె సంచులు వేసి రోజూ తడుపుతూ 28 రోజులు ఆగాలి. ఊక అక్కర్లేదు, కట్టెలు అక్కర్లేదు, పొగ లేదు.

లెక్క చూడండి. ఇటుక 24 సెంటీమీటర్ల చదరం, 9 సెంటీమీటర్ల మందం అనుకుందాం. సుమారు 10 కిలోలు తూగుతుంది. దానికి సిమెంటు అరకిలో. అంటే ఒక బస్తా సిమెంటుకి వంద ఇటుకలు. 17 అడుగులకి 20 అడుగుల ఇంటికి బయటి గోడలకి, తలుపులు కిటికీలు తీసేస్తే, ఇంచుమించు 2,400 ఇటుకలు కావాలి. అంటే 24 బస్తాలు. రోజుకి 300 నొక్కినా 8 రోజుల పని. నాలుగు కుటుంబాలు కలిసి ఒకరింటికి ఒకరు బదులు పని చేసుకుంటే కూలి డబ్బు కూడా పేటలోనే ఉంటుంది.

యంత్రం రాకముందే తగ్గించే దారి ఇంకొకటుంది. లారీ బేకర్ అని ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడిన ఇళ్ళ మేస్త్రి ఒకాయన. ఇంజనీర్లు ఆర్కిటెక్టు అంటారు, మనం మేస్త్రి అంటే ఆయన కోప్పడి ఉండడు. 2007లో పోయాడు. ఎలకబోను కట్టుబడి అనేదాన్ని ఆయన కేరళలో ఊరూరా నేర్పాడు. మామూలు ఇటుకనే పడుకోబెట్టకుండా నిలబెట్టి కడతారు, మధ్యలో బోలు మిగులుతుంది. 9 అంగుళాల గోడ అదే మందం వస్తుంది, ఇటుక నాలుగో వంతు మిగులుతుంది. మనం చెప్పుకున్న ఇంటికి మామూలుగా 6,800 ఇటుకలు పడితే 1,700 మిగిలాయన్నమాట. లోపలి బోలు వల్ల ఇల్లు అంతగా వేడెక్కదు. మూలల్లో ఆ బోలులోనే నిలువు ఊచ దించి కాంక్రీటు పొయ్యొచ్చు. శ్లాబులో కూడా కింది భాగంలో కాంక్రీటుకి బదులు పాత బంగాళా పెంకులు పేర్చి పోసే పద్ధతి ఆయన చూపించాడు.

సున్నం మాట కూడా మరిచిపోవద్దు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటికి మన దేశంలో సిమెంటు తయారీయే లేదు. రాయీ, సున్నమే. ఆ సున్నం గానుగ తిప్పిన వాళ్ళ పేర్లు, రాయి మోసిన వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. గుల్ల కాల్చి సున్నం చెయ్యడం ఈ తీరానికి కొత్త విద్య కాదు. లోపలి పూతకీ, బంక ఎక్కువున్న మట్టికీ సున్నం ఇప్పటికీ పనికొస్తుంది.

మేము చేసిన తప్పు

ఇదంతా మేం పుస్తకం చూసి ఒప్పజెప్పడం లేదు. ముందు చెడగొట్టి నేర్చుకున్నాం. కాకినాడలో ఒక వెల్డింగు షాపులో యంత్రం కట్టించుకున్నాం. ఉత్సాహం కొద్దీ మొదటిసారి చెరువు గట్టున ఉన్న నల్లమట్టితో నొక్కాం. చూడ్డానికి నల్లరాయిలా నిగనిగలాడింది. మూడో రోజుకి అడ్డంగా పగిలింది. నల్లరేగడి ఎండితే ముడుచుకుంటుంది, తడిస్తే ఉబ్బుతుంది. అప్పుడు ఇసక కలపాలన్నారు. ఇసక కొనడం దేనికని తీరం ఇసక తెచ్చి కలిపాం. నెల తిరక్కుండా ఇటుక మీద తెల్లటి ఉప్పు పొర తేలింది, అంచులు పొట్టులా రాలాయి. రెండొందల పైచిలుకు ఇటుకలు పారబోశాం. మేష్టారు బళ్ళో పాఠం చెప్పుకోక ఇటుకలాటేంటని నవ్వారు. నవ్వితే నవ్వారు. పెద్దాపురం వైపు ఎర్రమట్టితో మూడోసారి చేస్తే నిలబడింది.

అందుకే చెప్తున్నాం. తీరం ఇసక, ఉప్పు నీళ్ళు ఇంటికి శత్రువులు. ఇటుకలో పడితే ఇటుక పోతుంది, శ్లాబులో పడితే లోపలి ఇనుము తుప్పు పట్టి పెచ్చులు ఊడతాయి. ఉప్పాడలో పదేళ్ళ ఇంటికి శ్లాబు పెచ్చులు ఎందుకు రాలుతున్నాయో ఇప్పుడు అర్థమైందా?

ఎక్కడ పిసినారితనం పనికిరాదో కూడా చెప్పాలి. పునాదిలో తగ్గించొద్దు. గోడ నేలకి ఎత్తున మొదలవ్వాలి. బేస్‌మెంటు మీద, లింటెల్ మీద ఇంటి చుట్టూ కాంక్రీటు బెల్టు తెగకుండా తిరగాలి. కప్పుని గోడకి కట్టెయ్యాలి. 1996 నవంబరు తుపాను కోనసీమని ఏం చేసిందో మన పెద్దవాళ్ళు చూశారు. మిగిల్చిన డబ్బు ఇక్కడ పెట్టాలి.

“మళ్ళీ మట్టేనా, మేష్టారూ?”

మొదటి ఇటుక నిలబడ్డాక మహా సంబరంగా పేటలో చూపించాం. ఒక ముసలమ్మ ఇటుక చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. “పుట్టింది మొదలు మట్టిగోడల్లోనే ఉన్నాం. ప్రతి వానాకాలం గోడ కూలిందా లేదా అని లేచి చూసుకున్నాం. మళ్ళీ మట్టేనా, మేష్టారూ? నీ ఇల్లు దేంతో కట్టుకున్నావు?” అంది.

మాకు నోట మాట రాలేదు. మా ఇల్లు బట్టీ ఇటుకా, శ్లాబూ. జీతం మీద లోను తెచ్చి కట్టుకున్నాం. ఆవిడ అడిగింది ఇటుక గురించి కాదు. నువ్వు మెట్టెక్కేసి మమ్మల్ని కిందే ఉండమంటున్నావా అని అడిగింది. చదువుకున్న మనవాళ్ళందరూ ఒక రాత్రి నిద్ర మానుకుని ఆలోచించాల్సిన ప్రశ్న అది.

ఆ రోజు ఇంటికి పోయి మేం చేసిన పని ఒక్కటే. మా ఇంటి వెనక కట్టాల్సిన గది మా నొక్కుడు ఇటుకతోనే కట్టాం. మా పిల్లలు అందులోనే చదువుకుంటున్నారు. రెండు వానాకాలాలు దాటాయి. ఆ ముసలమ్మని పిలిచి చూపించాం. గోడ మీద గోరుతో గీకింది, నీళ్ళు చల్లింది. “ఇది మట్టి కాదులే” అని పోయింది. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ మాకు అక్కర్లేదు. కానీ మీరు మా మాటా, ఆవిడ మాటా నమ్మి కూడా కట్టొద్దు. కాకినాడ జె.ఎన్.టి.యు.లో సివిల్ ఇంజనీరింగ్ ఉంది, అందులో చదివే మన పిల్లలున్నారు. ప్రతి కొత్త మట్టికీ నాలుగు ఇటుకలు అక్కడ నలగ్గొట్టించి, ఎంత బరువు ఆగిందో కాగితం మీద రాయించుకున్నాకే గోడ లేపాలి.

ఇటుక సముద్రాన్ని ఆపదు

ఇంకో నిజం దాచకుండా చెప్పాలి. ఉప్పాడలో సముద్రం ఇళ్ళనీ, రోడ్డునీ, గుళ్ళనీ మింగుతూ వస్తోంది. రాళ్ళు పోశారు. 2010 ప్రాంతంలో ఇసక నింపిన జియోట్యూబులతో గోడ వేశారు, కెరటాలు దాన్నీ చీల్చేశాయి. 2025 అక్టోబరులో మొంథా తుపానుకి బీచ్ రోడ్డు మళ్ళీ కొట్టుకుపోయింది. కెరటం అంచున ఏ ఇటుకా నిలవదు. మనదీ నిలవదు, బట్టీదీ నిలవదు. కాబట్టి ఇటుక చేతికొచ్చిందని స్థలం అడగడం మానేస్తే మన గొయ్యి మనం తీసుకున్నట్టే. ఎత్తైన స్థలం, నీళ్ళు నిలవని స్థలం, పని దగ్గర స్థలం, అది మన హక్కు. ఇల్లు పోయిన పల్లెకారులు మన పక్కన ఉన్నారు. ఈ పోరాటం వాళ్ళతో కలిసి చెయ్యాలి.

అలాగే “మీరే కట్టుకోగలరుగా” అని డబ్బు తగ్గించే అధికారి వస్తే ఊరుకోవద్దు. మనం మిగిల్చింది మన గది పెద్దది చేసుకోవడానికి, మరుగుదొడ్డికి, పిల్ల చదువుకి. సర్కారు బొక్కసానికి కాదు.

ఏం చేద్దాం?

1. పేటకి ఒక యంత్రం ఉండాలి. అది సంఘం సొత్తుగా ఉండాలి. ఒక్కరి పేరు మీద పెడితే రేపు వాడే కొత్త బట్టీ యజమాని అవుతాడు.

2. యంత్రం దగ్గర ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకటే కూలి. తట్ట మొయ్యడం ఆడవాళ్ళకి, కాడ లాగడం మగవాళ్ళకి అని పంచొద్దు. మట్టి కలపడం, కొలవడం, లెక్క రాయడం ఆడవాళ్ళ చేతిలో ఉండాలి.

3. మట్టి తవ్వే అనుమతి కోసం పంచాయతీకీ, తహశీల్దారు ఆఫీసుకీ ముందే అర్జీ పెడదాం. పరీక్ష నెగ్గిన నొక్కుడు ఇటుకతో కట్టిన గోడకి బిల్లు ఆపకూడదని హౌసింగ్ అధికారుల దగ్గర రాతపూర్వకంగా తీసుకుందాం.

4. మన తాపీ మేస్త్రులకి ఎలకబోను కట్టుబడి నేర్పిద్దాం. ముందుగా సంఘం గది దాంతో కడదాం. ఎవరికైనా అనుమానం ఉంటే ఆ గోడని గుద్ది చూసుకోవచ్చు.

వచ్చే ఆదివారం సాయంత్రం మళ్ళీ ఇక్కడే కలుద్దాం. ఉత్త చేతులతో రావద్దు. ప్రతి ఇంటి నుంచీ ఒక గాజు సీసా తేవాలి. మీ స్థలంలో మూరెడు లోతు తవ్వి, ఆ మట్టి సీసాలో మూడో వంతు పోసి, నీళ్ళు నింపి, బాగా గిలకొట్టి, కదపకుండా ఒక రాత్రి ఉంచండి. అడుగున ఇసక, దాని మీద ఒండ్రు, పైన బంక పొరలుగా తేరతాయి. స్కేలు పెట్టి కొలవడం మా బడి పిల్లలు చూసుకుంటారు. ఎవరి మట్టి ఇటుకకి పనికొస్తుందో, ఎవరి మట్టికి ఏం కలపాలో అక్కడే తేల్చుకుందాం.

జై భీమ్!